రాట్నం మీద గిటారు తీగ

నేను మగ్గం గుంతలోంచి పైకెక్కి, ధర్మవరంలో మా ఇంటి ముందు గదిలోనే రేడియో రిపేరు అంగడి పెట్టుకున్న మూడో ఏడు అది. అరవైల నడిమి రోజులు. వరసగా రెండేళ్ళు వాన మొహం చాటేసింది. శెనక్కాయ చేలు ఎండిపోయి, పల్లెల నుంచి సంతకొచ్చే జనమే తగ్గిపోయారు. పట్టుచీర కొనేవాళ్ళే లేనప్పుడు రేడియో బాగు చేయించుకునేవాళ్ళు ఎక్కడి నుంచి వస్తారు? అంగట్లో పది నిమిషాలు కూర్చునేవాణ్ణి. లేచేవాణ్ణి. స్టేషన్ దాకా నడిచి బెంగుళూరు బండి వచ్చిందో లేదో చూసేవాణ్ణి. నేను ఎక్కేది లేదు, నాకోసం దిగేవాళ్ళూ లేరు. అయినా బండి కదిలిపోతుంటే నన్ను వదిలేసి పోతున్నట్టు ఉండేది.

బళ్ళారిలో ఒక మెకానిక్ దగ్గర ఏడాదిన్నర పని నేర్చుకున్నాను. ఇంకో ఏడాది ఉంటే పూర్తిగా వస్తుందన్నాడాయన. ఉండలేక వచ్చేశాను. వచ్చాక, నేర్చుకోకుండా వదిలేసిన ఆ పనంతా ఏ బెంగుళూరులోనో నా కోసం కాచుకుని ఉన్నట్టు అనిపించేది. మా నాయన మగ్గం మీంచి తలెత్తకుండానే అనేవాడు: "కాలుగాలిన పిల్లి మాదిరి తిరుగుతాండావు. ఒక తావున కూచో రా."

ఆ ఎండాకాలం మొదట్లో బ్యాండు మేళం నడిపే ఆయన మా అంగడికి వచ్చాడు. సాయిబుల ఇంటి మనిషి, నలభై దాటినవాడు. చుట్టుపక్కల ఏ పెళ్ళి ఊరేగింపు జరిగినా ముందు నిలబడి క్లారినెట్ వాయించేది ఆయనే. నేను అన్నా అని పిలిచేవాణ్ణి. చంకలో గొంగళి చుట్టిన పొడుగాటి మూట ఉంది. దాన్ని బల్ల మీద పెట్టి విప్పాడు.

"ఏమప్పా, రేడియోలు మాట్లాడిస్తావంట గదా. దీన్ని మాట్లాడిస్తావా?"

ముదురెరుపు రంగు గిటారు. పైన వార్నీషు పగిలి పొలుసుల్లా లేచింది. ఆరు తీగల్లో మూడే ఉన్నాయి, అవీ తుప్పు పట్టినవి. ముందు వైపు చప్పుడును సర్దే రెండు బిరడాల్లో ఒకటి ఊడిపోయి ఇనుప కాడ మిగిలింది.

"గుంతకల్లులో రైలింజన్ డ్రైవరు దొర ఇంట్లో కొనుక్కొచ్చినా. వాళ్ళు దేశమిడిచి పోతాండారు. ఆ పెద్దాయన వయసులో ఉన్నప్పుడు వాయించినాడంట. ఇది పలికి పదేండ్లాయ," అన్నాడు. "ముదిగుబ్బలో పెండ్లి ఉండాది, వచ్చే నెల. శెనక్కాయల మండీ ఆయన కొడుకుది. కరెంటు గిటారు ఉండే బ్యాండే కావాలంట. నా దగ్గర ఉండాదని చెప్పేసినా."

"పలుకుతుందో లేదో తెలీకుండానే చెప్పేసినావా అన్నా?"

"నువ్వుండావు గదా అని చెప్పినా. చేస్తావా, చెయ్యవా? అది చెప్పు."

అంతకుముందు నేను కరెంటు గిటారును చేత్తో తాకి ఎరుగను. "చేస్తా అన్నా. ఇట్లాంటివి బళ్ళారిలో నాలుగైదు చేసినా," అన్నాను. ఆ అబద్ధం ఎంత సులువుగా వచ్చిందంటే, ఒక్క క్షణం నాకే నిజమనిపించింది.

మరునాడు మధ్యాహ్నం గిటారు వెనక బిళ్ళ విప్పి చూశాను. రేడియోతో పోలిస్తే లోపల ఉన్నది చాలా తక్కువ. తీగల కింద ఒక నల్లటి డబ్బా, దాన్ని పికప్ అంటారు. అందులో అయస్కాంతం, దాని చుట్టూ వెంట్రుక కంటే సన్నటి రాగి తీగ వేల చుట్లు. పైన ఇనుప తీగ అదిరితే కింద రాగి చుట్టలో రవ్వంత కరెంటు పుడుతుంది. దాన్ని పెద్దది చేసి వినిపించడం బయట ఉండే యాంప్లిఫయరు పని.

మీటరు పెడితే ముల్లు కదల్లేదు. భూతద్దంతో చూశాను. చుట్టకు ఏమీ కాలేదు. దాని బయటి కొస టంకం దగ్గర ఊడి, పాత మైనంలో అతుక్కుపోయి ఉంది. మైనాన్ని నిదానంగా వేడి చేసి, కొసను లేపి, తిరిగి టంకం పెడితే సరిపోయేది. అంతా కలిపి అరగంట. నాకు ఆ అరగంట ఓపిక లేకపోయింది. పట్టకారుతో కొస పట్టుకుని లాగాను. కొసతో పాటు లోపలి పొర ఒకటి లేచి వచ్చి పుటుక్కున తెగింది. తెగిన చోటు వెతుకుతూ గోటితో గీకాను, ఇంకో నాలుగు చోట్ల తెగింది. కాసేపటికి బల్ల మీద ఎర్రటి వెంట్రుకల ముద్ద ఒకటి మిగిలింది. దాన్ని పాత డబ్బాలో కుక్కి, గోడకు ఆనించిన పలకల వెనక దాచేశాను.

రెండు రోజులకు ఆయన వచ్చాడు. "ఏమన్నా తెలిసినాదా?"

"లోపల చుట్ట కాలిపోయిండాది అన్నా. ఎప్పుడో కాలిపోయిండాది. కొత్తది చుట్టాల."

"చుట్టు మరి," అని వెళ్ళిపోయాడు.

ఆ తీగ కోసం బెంగుళూరు వెళ్ళాను. అంగడాయన ఉండ చేతికిచ్చి, ఇది చేత్తో చుట్టేది కాదు, మిషను కావాలని కన్నడంలో చెప్పాడు. నాకు మిషనుందన్నాను. కొత్త వాల్యూమ్ కంట్రోలు, దానితో పాటు స్వరాన్ని గరుకుగానో మెత్తగానో మార్చే టోన్ కంట్రోలు, దానికి కావలసిన కండెన్సరు కొన్నాను. పాత గిటారులో టోన్ కంట్రోలు పేరుకే ఉంది, అది ఎప్పుడో చచ్చింది. పక్క అంగట్లో నా వయసువాళ్ళు నలుగురు వరసగా కూర్చుని రేడియోలు బిగిస్తున్నారు. వాళ్ళ చేతులు చూస్తూ నిలబడిపోయాను. స్టేషన్ మెట్ల మీద కూర్చుని, ఈ బండి ఎక్కకుండా ఉండిపోతే ఏమవుతుందని చాలాసేపు ఆలోచించాను. ముదిగుబ్బ పెళ్ళి గుర్తొచ్చి ఎక్కాను.

ఇంటికొచ్చి చేతి డ్రిల్లును బల్లకు బిగించి, దానికి పికప్ చట్రం తగిలించి తిప్పడం మొదలుపెట్టాను. వంద చుట్లు కాకముందే తీగ తెగింది. మళ్ళీ మొదలు. మళ్ళీ తెగింది. అదంతా మా అక్క లోపలి గడప దగ్గర రాట్నం ముందు కూర్చుని చూస్తోంది.

అక్క నాకంటే ఆరేళ్ళు పెద్దది. బావ చనిపోయాక మా ఇంటికే వచ్చేసి ఏడేళ్ళయింది. మగ్గం మీద అటూ ఇటూ పరిగెత్తే నాడెలో పెట్టే చిన్న గొట్టాలను కండెలంటాం. వాటికి పట్టు దారం చుట్టడం ఆమె పని. నాయన మగ్గానికే కాదు, వీధిలో ఇంకో రెండు మగ్గాలకు కూడా చుట్టేది.

"పొద్దున్నుంచి చూస్తాండా. ఎన్నిసార్లు తెంపినావు?"

"తొమ్మిది."

"ఇటియ్యి."

తీగ కొసను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టుకుని మెల్లగా లాగి చూసింది. "సన్నమే. మన చేతికి అలివిగానంత సన్నమేం కాదు. కాకపోతే పట్టు కొంచెం సాగి మనిషిని మన్నిస్తాది. ఇది మన్నించదు."

ఆమె రాట్నం కదురుకే చట్రాన్ని లక్కతో అతికించాం. పెద్ద చక్రం ఒకసారి తిరిగితే కదురు నలభైసార్లు తిరుగుతుందని సుద్దముక్కతో గుర్తు పెట్టి లెక్క చూశాను. ఎనిమిది వేల చుట్లు పడాలంటే చక్రం రెండు వందల చుట్లు తిరగాలి. పది చుట్లకొక చింతగింజ పక్కకు జరపాలని అక్క చెప్పింది. చట్రం గుండ్రంగా ఉండదు, పొడుగ్గా ఉంటుంది కాబట్టి తిరిగేటప్పుడు తీగ ఒకసారి బిగుసుకుని ఒకసారి వదులవుతుంది. అక్క వేళ్ళ మధ్య పట్టుగుడ్డ పేలిక పెట్టుకుని, ఆ బిగువుకు తగ్గట్టు చేతిని ముందుకూ వెనక్కూ ఊపుతూ తిప్పింది. మూడు గింజలదాకా బాగానే నడిచింది.

"కొంచెం బిరీన తిప్పక్కా. ఇట్లయితే ఎప్పటికవుతాది?" అన్నాను. తీగ తెగింది.

అక్క చక్రం ఆపేసి నా వైపు చూసింది. "నువ్వు బయటికి పోరా. నువ్వు పక్కన కూచుంటే నా చెయ్యి గూడా ఉరుకుతాండాది. పో, ఆ స్టేషన్ కాడికన్నా పోయిరా. పోతా పోతా ఆ కిటికీ మూసిపో, గాలికి తీగ ఊగుతాండాది."

వెళ్ళాను. రెండు గూడ్సు బండ్లు చూశాను. సంత వైపు పోయి వచ్చాను. తిరిగి వచ్చేసరికి చింతగింజలన్నీ ఒక పక్కకు చేరి ఉన్నాయి. అక్క చేతులు చాపి గోడకానుకుని కూర్చుని ఉంది. మూసిన గదిలో ఉక్కకు ఆమె రవిక తడిసిపోయింది. మీటరు పెట్టాను. ముల్లు లేచి నడిమిదాకా వెళ్ళి నిలబడింది.

"ఏమైనాది?"

"బతికిందక్కా."

"ఊ," అని లేచి పొయ్యి దగ్గరికి వెళ్ళింది.

తర్వాతి వారం నాకు అన్నం మీద కూడా ధ్యాస లేదు. చుట్టను కరిగిన మైనంలో ముంచి తీశాను. అయస్కాంతం బలం తగ్గిపోయి ఉంటే, పాత లౌడ్‌స్పీకరు పెద్ద అయస్కాంతంతో ఒకే వైపుగా రుద్ది దానికి మళ్ళీ బలం ఎక్కించాను. గిటారు లోపలి గూటికి టీ పెట్టెలోంచి తీసిన తగరపు కాగితం అతికించాను, బయటి రొద లోపలికి రాకుండా. పాత వైర్లన్నీ పీకి కొత్తవి వేశాను. మద్రాసు నుంచి తెప్పించిన తీగలు బిగించి, మా అంగడి రేడియోకు వెనక గ్రామఫోను తగిలించే చోట వైరు గుచ్చి ఒక తీగ మీటాను. పలికింది. దానితో పాటు వందల తేనెటీగలు లేచినట్టు బుయ్యిమని రొద.

తీగలను చేత్తో ముట్టుకుంటే రొద తగ్గుతోంది. అందుకని తీగలు ఆనే ఇనుప పట్టీ నుంచి లోపలికి ఒక వైరు కలిపాను. రొద చాలావరకు పోయింది గానీ, చెప్పుల్లేకుండా నేల మీద నిలబడి తీగలు తాకితే మోచేతిదాకా చిమచిమలాడింది. రేడియో చట్రంలోకి ఎక్కడినుంచో కరెంటు కారుతోంది. పెళ్ళి పందిట్లో తడి చేతులతో ఆయన దీన్ని పట్టుకుంటే? చట్రానికి సరైన ఎర్తు కావాలి. ఇంటి వెనక ఎర్తు పైపు ఉంది. బల్బు పెట్టి పరీక్షిస్తే వెలగలేదు. రెండేళ్ళ కరువుకు పైపు చుట్టూ నేల రాయిలా అయిపోయింది. ఎండిన నేల కరెంటును తీసుకోదు.

మా వీధి బావి అడుగంటి అప్పటికి నెలలయింది. ఆడవాళ్ళు తెల్లవారుజామున పోయి వరసలో నిలబడితే, చెంబుతో తోడిన నీళ్ళు ఇంటికి రెండు బిందెలు వచ్చేవి. ఆ రోజు అక్క తెచ్చిన రెండు బిందెలూ వసారాలో ఉన్నాయి. నేను ఒక బిందె ఎత్తుకెళ్ళి, పైపు మొదట్లో ఉప్పూ బొగ్గూ వేసి, మొత్తం పోసేశాను. నేల గుటగుటా తాగింది. బల్బు వెలిగింది. ఆనందం పట్టలేక కేక వేశాను. వెనక్కి తిరిగితే గుమ్మంలో అక్క ఉంది. నాయన మగ్గం దిగి ఆమె వెనకే వచ్చాడు.

"తాగే నీళ్ళు ఇనప్పైపుకు పోస్తావా? బుద్ధుండాదా నీకు?"

అక్క ఖాళీ బిందె నా చేతిలోంచి తీసుకుని మళ్ళీ బావి వైపు నడిచింది. నేను లోపలికి పోయి గిటారు మీటాను. రొద లేదు, చిమచిమ లేదు. నూనె రాసినట్టు నున్నగా, పొడుగ్గా పలికింది. నెలరోజులుగా ఎదురుచూసిన ఆ చప్పుడును నాలుగుసార్లు కూడా వినలేకపోయాను. లేచి బావి దగ్గరికి వెళ్ళాను.

వరసలో ముప్పై మంది ఆడవాళ్ళు. నన్ను చూసి ఎవరో నవ్వారు. "నువ్వు ఇంటికి పో అక్కా. నేను నిలబడతా," అన్నాను.

"నువ్వు నిలబడతావా? అంతసేపా?" అంది. అయినా బిందె ఇచ్చింది. ఇచ్చి వెళ్ళిపోకుండా బావి గట్టు మీద కూర్చుంది. వరస జరుగుతూ ఉంటే, ఎండ వాలుతూ ఉంటే, నా నోటి నుంచి అది వచ్చేసింది.

"అక్కా, ఆ చుట్ట కాలిపోలేదు. నేనే తెంపినా. ఆయనతో అబద్ధం చెప్పినా."

"తెలుసు."

"ఎట్ల?"

"కాలింటే నల్లగుంటాది. పలకల వెనక నువ్వు దాచిన ముద్ద ఎర్రగుండాది. ఊడుస్తా డబ్బా తీసి చూసినా."

"మరి అడగలేదే?"

"నీ నోటితో నువ్వే చెప్తావేమోనని చూసినా. ఇప్పుడు చెప్పినావు గదా, ఆయనకూ చెప్పు." మళ్ళీ తనే అంది: "నీళ్ళు కావాలని అడిగింటే నేనే తెచ్చి పోసింటా గదరా."

మర్నాడు ఆయన వచ్చాడు. అరచేతంత నున్నటి ఇనుప ముక్క తెచ్చుకున్నాడు. దాన్ని తీగల మీద జార్చి వాయిస్తే, గిటారు మనిషి గొంతులా సాగుతూ పలికింది. ఆయన మొహం వెలిగిపోయింది. ఆ మొహం చూస్తూ చెప్పడం కష్టమే అయింది, కానీ చెప్పేశాను. బళ్ళారి అబద్ధం కూడా చెప్పేశాను.

ఆయన వాయించడం ఆపాడు. "నా సామాను నువ్వే తెంపి, దొర మీదికి తోసినావా?"

"తప్పయింది అన్నా."

"నెలంతా నా మొహం చూడకుండా మాట్లాడినావు. పనోడి గీర అనుకున్యా." గిటారును గొంగళిలో చుట్టి చంకన పెట్టుకున్నాడు. గడప దాటేటప్పుడు కూడా వెనక్కి చూడలేదు.

పెళ్ళి రోజు పొద్దున మా ఇంటి ముందు ఎద్దుబండి ఆగింది. మేళం వాళ్ళంతా అప్పటికే బస్సులో వెళ్ళిపోయారట. ఆయన బండి దిగకుండానే పిలిచాడు. "నాకు కోపం తీరలేదు. అయినా ఎర్తు నువ్వే ఏసియ్యాల. ఎక్కు."

దారంతా ఆయన నా వైపు తిరక్కుండా ఎద్దులనే చూస్తూ కూర్చున్నాడు. ముదిగుబ్బలో పందిరి చుట్టూ తిరిగి, భోజనాలయ్యాక జనం చేతులు కడుక్కునే చోట గుంత తవ్వి ఇనుప కడ్డీ దించాను. పంక్తులు లేచిన కొద్దీ నేల తడుస్తూనే ఉంది, ఎవరి బిందె ముట్టుకోవలసిన పని లేకపోయింది. మైకు సెట్టు వాళ్ళ యాంప్లిఫయరుకు గిటారు కలిపి, ముందు నేను తాకి చూసుకుని, తర్వాత ఆయనకిచ్చాను.

మొదటి వరస పలకగానే పందిట్లో తలలన్నీ లేచాయి. ఒక ముసలాయన వచ్చి యాంప్లిఫయరు వెనక ఎవరున్నారా అని వంగి చూశాడు. అయితే బ్యాండాయనకు ఆ వాయిద్యం మీద వచ్చింది ఒకే పాట, అదీ మొదటి రెండు చరణాలు. రెండోసారి వాయించేటప్పుడు తడబడ్డాడు. మూడోసారికి పెళ్ళికొడుకు అవ్వ గట్టిగా అంది: "అది చాలు గానీ నాయనా, సన్నాయి మాదిరిది ఊదుతావు గదా, అది ఊదు." జనం నవ్వారు. ఆయన కూడా నవ్వి, గిటారు నా చేతికిచ్చి క్లారినెట్ అందుకున్నాడు.

తిరుగు ప్రయాణంలో ఆయనే మాట కలిపాడు. "ఆ చుట్ట నువ్వే చుట్టినావా?"

"లేదన్నా. మా అక్క. పట్టు చుట్టే రాట్నం మీద."

ఆయన నా వైపు తిరిగాడు. "గార్లదిన్నెలో మా బామ్మర్ది బావి మోటారు కాలిపోయిండాది. అనంతపురం పంపిచ్చి ఇరవై దినాలాయ, రాలేదు. మీయక్క మోటారు చుడుతాదా?"

"మోటారు వేరే పని అన్నా."

"నిన్ను అడగలా. మీయక్కను అడుగు."

అడిగాను. "దాంట్లో తీగ ఎంత లావుంటాది?" అంది అక్క.

"గోనెలు కుట్టే దబ్బనమంత."

"అంత లావుదానికి భయమెందుకు?" అంది.

మొదటి మోటారు విప్పి, పాత చుట్లు ఎట్లా ఉన్నాయో కాగితం మీద గీసుకుని, ఇద్దరం కలిసి చుట్టాం. రెండు రోజులు తిరిగి మళ్ళీ కాలిపోయింది. తప్పు నాదే. తీగల మధ్య పెట్టే కాగితం పలచనిది తెచ్చాను. రెండోసారి అక్కే ఎంచుకుని తెప్పించింది. అది మళ్ళీ కాలలేదు. కరువుకు బావుల్లో నీళ్ళు దిగిపోయే కొద్దీ మోటార్లు ఒట్టిగా తిరిగి కాలిపోయేవి. ఏడాది తిరిగేసరికి మా ముందు గదిలో ఎప్పుడు చూసినా రెండు మూడు మోటార్లు ఉండేవి. పట్టుకు గ్రీసు అంటుతుందని నాయన సణిగి సణిగి, చివరికి మగ్గాన్ని వెనక గదిలోకి మార్చుకున్నాడు. గిటారును బ్యాండాయన ఇంకో రెండు సీజన్లు మోసి, హిందూపురంలో ఎవరో పాటల పార్టీ వాళ్ళకు ఇచ్చేశాడని విన్నాను.

ఆ మొదటి ఏడాది చివర్లోనే మోటార్లన్నీ అక్కకు వదిలి నేను బెంగుళూరు వెళ్ళిపోయాను. రేడియోలు బిగించే చోట చేరాను. అక్కడ ఉండలేక ఇంకో చోటికి, అక్కణ్ణుంచి మరో చోటికి మారాను. ఎక్కడ చేరినా మూడు నెలలు బాగుండేది, తర్వాత కిటికీ వైపు చూపు పోయేది. సెలవు దొరికితే ఇంటికి వచ్చేవాణ్ణి, వచ్చిన రెండో రోజే తిరుగు బండి టైము చూసుకునేవాణ్ణి.

అలా వచ్చినప్పుడు ఒకసారి అరుగు మీద నిలబడి ఉంటే, కళ్యాణదుర్గం వైపు నుంచి ఒక రైతు బండి మీద మోటారు వేసుకుని వచ్చాడు. "మెకానిక్ ఉండారా?" అని అడిగాడు.

అలవాటుగా "నేనే, చెప్పు," అన్నాను.

ఆయన నన్ను పైకీ కిందికీ చూశాడు. "నువ్వు కాదప్పా. అక్కయ్య."

"వస్తాండా, కూచోమను," అని లోపలి నుంచి అక్క గొంతు వినిపించింది. ఆయన అరుగు మీద తీరిగ్గా కూర్చుని తలగుడ్డ విప్పుకున్నాడు. నేను బండి దగ్గరికి పోయి మోటారు కట్టిన తాడు విప్పడం మొదలుపెట్టాను.